గోల్కొండ శిఖరానికి నీళ్లు ఎలా చేరాయి

మీరు అడిగిన ప్రశ్నలు మూడు. దుర్గం చెరువు నీళ్లు మట్టి గొట్టాల గుండా ఎవరి సాయమూ లేకుండా కొండ శిఖరం మీది బాలాహిసార్ కట్టడం దాకా ఎక్కేవని కోటలో గైడు చెప్పిన మాట నిజమేనా అన్నది మొదటిది. నిజం కాకపోతే అసలు ఏర్పాటు ఎలా ఉండేదో ఇప్పుడు మిగిలిన శిథిలాలను బట్టి ఎలా తెలుసుకుంటారన్నది రెండవది. సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్న మీ అమ్మాయి దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడవది. తెలంగాణ గిరిదుర్గాల్లో పాత నీటి కట్టడాల కొలతలు తీయడం, మరమ్మతుకు ముందు వాటిని పరిశీలించి నివేదిక రాయడం చాలా కాలంగా నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, నీళ్లు తమంతట తాము శిఖరానికి ఎక్కలేదు, ఎక్కలేవు కూడా. బయటి చెరువు నీళ్లు పల్లాన్ని బట్టి కోట అడుగు దాకా మాత్రమే పారి రాగలవు. అక్కడి నుంచి పైకి మనుషులూ ఎద్దులూ అంచెలంచెలుగా తోడి పోయవలసిందే. శిఖరం మీద కురిసిన వానను శిఖరం మీదే పట్టి నిలవ చేసుకోవడం ఈ రెండింటికీ సంబంధం లేని మూడవ ఏర్పాటు. గైడ్లు ఈ మూడింటినీ కలిపి ఒకే అద్భుతంగా చెప్పడం వల్లే అయోమయం పుడుతోంది.

ముందుగా మట్టాల సంగతి చూద్దాం. దుర్గం చెరువు కోటకు ఉత్తరాన దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. గోల్కొండ కొండ చుట్టూ ఉన్న నేల కంటే సుమారు 120 మీటర్ల ఎత్తు లేస్తుంది. చెరువు నీటిమట్టం ఆ శిఖరానికి ఎంతో దిగువన ఉంటుంది. మూసిన గొట్టంలో నీరు ఎన్ని మలుపులు తిరిగినా, ఎన్ని పల్లాల్లోకి దిగి లేచినా, తాను బయలుదేరిన మట్టాన్ని మించి పైకి రాదు. దారి పొడవునా గొట్టం గోడల రాపిడికి కొంత శక్తి పోతుంది కాబట్టి నిజానికి అంతకంటే తక్కువ ఎత్తుకే వస్తుంది. నీటిని వంపు గొట్టంతో గట్టు దాటించే సైఫన్ పద్ధతి వాడి ఉంటారని కొందరు వాదిస్తారు. సైఫన్ గాలి పీడనం మీద ఆధారపడుతుంది కనుక నీటిని 10 మీటర్లకు మించి ఎత్తలేదు, పైగా దాని బయటి మూతి ఎప్పుడూ నీటి వనరు కంటే దిగువనే ఉండాలి. ఇవన్నీ పక్కన పెట్టి ఏదో విధంగా ఒత్తిడి కల్పించారని అనుకున్నా, 120 మీటర్ల నిలువు నీటి బరువు అడుగున ఉన్న గొట్టం మీద సుమారు 12 వాతావరణ పీడనాల ఒత్తిడి తెస్తుంది. కాల్చిన మట్టి గొట్టాలకూ వాటి సున్నపు అతుకులకూ అంత ఓర్పు లేదు.

ఇలా చెప్పడం వల్ల కుతుబ్ షాహీల కాలం నాటి పనివారి గొప్పతనం ఏమీ తగ్గదని నా గట్టి అభిప్రాయం. బండలూ గుట్టలూ నిండిన నేలలో 5 కిలోమీటర్ల దూరం నీటిని గొట్టంలో నడిపించడమే పెద్ద విద్య. వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాలు అనుకుంటే మొత్తం దారిలో దొరికేది 5 మీటర్ల పల్లం మాత్రమే. ఎక్కడైనా ఆ వాలు చదునైతే పూడిక పేరుకుని గొట్టం మూసుకుపోతుంది, ఎక్కడైనా ఎక్కువైతే నీటి వేగానికి అతుకులు కొట్టుకుపోతాయి. దూరదర్శిని ఉన్న పరికరాలు లేని రోజుల్లో నీటిమట్టాన్నే కొలబద్దగా చేసుకుని ఆ వాలును పట్టిన మేస్త్రీల మీద నాకున్న గౌరవం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది.

గొట్టాల నిర్మాణం మీరు కోటలోనే చూడవచ్చు. గోడలు పగిలిన చోట్ల అవి బయటపడి కనిపిస్తాయి. ప్రతి గొట్టానికీ ఒక కొస సన్నగా, రెండవ కొస వెడల్పుగా ఉంటుంది. సన్నని కొసను ముందున్న గొట్టం వెడల్పు మూతిలో దూర్చి, అతుకును మెత్తని సున్నంతో మూసి, మొత్తం వరుసను రాతి కట్టడంలో పొదిగేవారు. చుట్టూ ఉన్న కట్టడమే గొట్టానికి కవచం. నీటిలో కొట్టుకొచ్చే ఇసుకా బురదా దిగిపోవడానికి మధ్యమధ్య తేట తొట్లు కూడా అవసరం, ఎందుకంటే గోడలో పొదిగిన గొట్టం ఒకసారి పూడిందంటే గోడ పగలగొట్టకుండా శుభ్రం చేయలేము. దిగువ కోటలో పెద్ద రాతి నీటి తొట్టిగా నేటికీ ఉన్న కటోరా హౌజ్‌ను ఈ వరుసలోనే చూడాలి. బయటి నుంచి వచ్చిన నీరు చేరేందుకూ, ఊరి అవసరాలకూ కొండ అడుగున ఒక పెద్ద నిలవ ఉండాలి కదా. దురదృష్టవశాత్తూ దాన్ని చూడటానికి వచ్చేవారు తక్కువ, అందులో చెత్త వేసేవారు ఎక్కువ. బాలాహిసార్‌కు ఇచ్చే విలువలో పదో వంతు ఆ హౌజుకు ఇచ్చినా బాగుండును.

ఇక పైకి ఎత్తడం గురించి. మన పల్లెల్లో విద్యుత్ మోటార్లు వచ్చే దాకా నడిచిన, ఎద్దులు తాడుతో తోలు బొక్కెనను లాగే మోటలాంటి సాధనాలూ, కుండల దండను పళ్ల చక్రాలతో తిప్పే రహట్లూ ఈ పనికి వాడదగినవి. ఒక్కో అంచెలో 10 నుంచి 15 మీటర్లకు మించి ఎత్తడం వీటికి గిట్టుబాటు కాదు. అందుకే ఒక తొట్టిలోకి తోడి, అక్కడి నుంచి పై తొట్టిలోకి మళ్లీ తోడి, ఇలా మెట్టు మెట్టుగా తీసుకుపోవాలి. కొండ వాలు మీద వేర్వేరు ఎత్తుల్లో కనిపించే తొట్లకు అర్థం ఇదే. ఎద్దులు తిరగడానికి చోటు లేని నిట్రమైన భాగాల్లో కావళ్లూ తోలు తిత్తులూ తప్ప దారి లేదు.

ఈ పని ఎంత భారమైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 1,000 లీటర్ల నీటిని 120 మీటర్లు ఎత్తడానికి సుమారు 12 లక్షల జౌల్స్ పని కావాలి. ఒక ఎద్దుల జత 500 వాట్ల చొప్పున రోజుకు 5 గంటలు పని చేస్తుందనుకుంటే 90 లక్షల జౌల్స్ వస్తాయి. చక్రాల రాపిడికీ, ఒలికిపోయే నీటికీ అందులో సగం పోతుంది. మిగిలిన దానితో అడుగు నుంచి శిఖరానికి చేరేది 4,000 లీటర్ల లోపే. ఈనాడు మన వీధుల్లోకి వచ్చే 5,000 లీటర్ల చిన్న ట్యాంకరు కూడా దానితో నిండదు. కనుక పైకి చేరిన ప్రతి బొట్టూ ఖరీదైనదే. తాగడానికీ, వంటకూ, నమాజుకు ముందు చేసే వజూకూ, రాజ కుటుంబం స్నానాలకూ ఆ నీరు సరిపోవాలి. తోటలకూ, ఏనుగులకూ, గుర్రాలకూ కావలసిన నీరు కింది మట్టంలోనే ఉండాలి. కోటలో పెద్ద తోటలన్నీ కొండ దిగువన చదును నేలల్లోనే ఉండటం యాదృచ్ఛికం కాదు.

శిఖరం మీది వాన నీటి లెక్క దీనికి పూర్తిగా భిన్నం. హైదరాబాద్ ప్రాంతంలో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఒక హెక్టారు నున్నని బండ మీద పడే వాన 80 లక్షల లీటర్లవుతుంది. బండ నీటిని పీల్చుకోదు కాబట్టి చాలా భాగం జారి వస్తుంది. అయినా సగమే పట్టగలిగామనుకుంటే 40 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున 500 మందికి అది 400 రోజులు వస్తుంది. ఎద్దు మెడ మీద కాడి పెట్టకుండా వచ్చే నీరు ఇది.

అయితే ఆవిరి అనే శత్రువును మరచిపోకూడదు. ఇక్కడి ఎండకు తెరిచి ఉన్న గుంటలో ఏడాదికి ఒకటిన్నర మీటరుకు పైగా నీరు ఆవిరైపోతుంది, అందులోనూ మాఘం దాటిన తర్వాత పోయేదే ఎక్కువ. లోతు లేకుండా పరుచుకున్న దొన, అంటే బండలో నీరు నిలిచే గుంట, ఉగాదికి ముందే ఎండిపోతుంది. రెండు బండల నడుమ లోతైన నెర్రెను ఒక వైపు గోడ కట్టి మూసి, లోపల గచ్చు చేసిన దొనలో జ్యేష్ఠంలోనూ నీరుంటుంది, ఎందుకంటే దానికి లోతు ఎక్కువ, ఎండ తగిలే ముఖం తక్కువ. భువనగిరి గుట్ట మీద ఈ సూత్రం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. అది ఒకే శిల కాబట్టి అక్కడ పై నుంచి జారే నీటిని దొనల్లోకి మళ్లించడం తప్ప వేరే ఆధారం లేదు. గోల్కొండను అర్థం చేసుకోవాలనుకునే ఎవరికైనా ముందు భువనగిరి ఎక్కి రమ్మని చెబుతాను. అక్కడ తర్వాతి కాలపు కట్టడాల గందరగోళం తక్కువ, నీటి తర్కం బట్టబయలుగా ఉంటుంది.

ఇన్ని రకాల వనరులు ఎందుకంటే, కోట అవసరం ముట్టడి రోజున తేలుతుంది. బయటి చెరువు నుంచి వచ్చే గొట్టాన్ని శత్రువు ఒక్క గునపంతో తెగ్గొట్టగలడు. అప్పుడు లోపలి బావులూ, హౌజులూ, వాన దొనలే దిక్కు. 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు 8 నెలలు గోల్కొండను చుట్టుముట్టింది. ఆ ఏడాది వర్షాలకు పొంగిన వాగులూ, ఆహారపు కరువూ బయట ఉన్న మొగలు శిబిరాన్నే ఎక్కువగా బాధించాయి. సెప్టెంబరులో కోట పడిపోయింది లోపలివారి ద్రోహం వల్ల, తలుపు తెరవడం వల్ల. దాహంతో లొంగిపోలేదు. కొండ పైభాగంలో అంబర్‌ఖానా అనే ధాన్యాగారం ఉండటాన్ని కూడా దీనితో కలిపి చూడాలి. తిండీ నీరూ రెండూ పై మట్టంలో నిలవ ఉంటేనే చివరి ప్రాకారానికి అర్థం.

దక్కనులో మిగతా రాజధానులతో పోల్చి ఒక్క మాట. బీదర్‌లో బహమనీలు కరేజ్ అనే భూగర్భ సొరంగం తవ్వించి, మధ్యమధ్య నిలువు బావులతో నీటిని నడిపించారు. బీజాపూర్‌కు తొర్వి వైపు నుంచి సొరంగం ద్వారా నీరు వచ్చేది; ఊళ్లో గంజ్‌లనే నీటి బురుజులు కట్టి వాటిలో ఒత్తిడిని తగ్గించి, పూడికను దించేవారు. గోల్కొండలో అలాంటి సొరంగం ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. బీదర్ నిలిచింది జేగురు రంగు లాటరైట్ రాయి మీద. దాన్ని ఉలితో తొలచడం తేలిక, గాలి తగిలాక అది గట్టిపడుతుంది. మన దగ్గర ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దానిలో కిలోమీటర్ల కొద్దీ సొరంగం తవ్వడం ఆ రోజుల్లో సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల నేల మీది చెరువు, నేల మట్టానికి దగ్గరగా గొట్టం, గోడలో కాలువ అనే పద్ధతి ఇక్కడ సహజంగా వచ్చింది. చెరువులు కట్టే విద్య కాకతీయుల నాటి నుంచి ఈ నేలలో ఉన్నదే.

రెండవ ప్రశ్న: ఇవన్నీ ఎలా తెలుస్తాయి? మొదటి ఆధారం మట్టాల కొలత. ఎక్కడెక్కడ తొట్టి అడుగు, గొట్టం మూతి, కాలువ గడప ఉన్నాయో లెవెలింగ్ పరికరంతో కొలిచి కాగితం మీద పెడితే, నీరు ఎటు పారగలదో ఎటు పారలేదో అక్కడే తేలిపోతుంది. నల్లగొండ వైపు ఒక గిరిదుర్గంలో కింది బావి నుంచి పై హౌజుకు గొట్టం ఉండేదని ఊరివారంతా నమ్మేవారు. కొలిచి చూస్తే వాలు సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. ఆ గొట్టం పై హౌజు నిండి పొంగిన వాన నీటిని కింది బావికి చేర్చేది! అంటే బావి పైకి నీరిచ్చేది కాదు, పై నుంచి పుచ్చుకునేది. ఒక్క పూట కొలతతో ఆ కోట నీటి కథ తలకిందులైంది.

రెండవది పూత. నీరు నిలవ ఉండే కట్టడం లోపలి గోడలకు బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి నూరిన డంగు సున్నం పూత ఉంటుంది, గోడా నేలా కలిసే మూల గుండ్రంగా తిప్పి ఉంటుంది. మూల పదునుగా ఉంటే అక్కడే పగిలి కారుతుందని వారికి తెలుసు. నీటి మట్టం ఎక్కువ కాలం నిలిచిన చోట తెల్లటి సున్నపు పొర గీతలా మిగులుతుంది. గొట్టాల లోపల కూడా అలాంటి పొర ఉంటే అందులో నీరు నిజంగా పారిందని అర్థం. లేకపోతే అది గాలికో, వాన నీటి విడుదలకో పెట్టినది కావచ్చు.

మూడవది అరుగుదల. తాళ్లు ఒరుసుకున్న చోట రాతి అంచు మీద నున్నని గాడులు పడతాయి. ఇరుసు దూర్చిన రంధ్రాలు, ఎద్దులు దిగి లాగిన వాలు బాట, నీరు ఒలికిన చోట కాలువ, ఇవన్నీ ఒక చోట కలిస్తే అక్కడ మోటో చక్రమో నడిచినట్లు రుజువు.

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, పూడిక. పాడుబడిన బావిలో పై పొర ఈ కాలపు ప్లాస్టిక్, సీసాలు. దాని కింద కూలిన గోడల ఇటుకలూ గచ్చు ముక్కలూ. ఇంకా కింద నల్లని మెత్తటి ఒండ్రు, అందులో నీళ్లు తోడుతుండగా పగిలి పడిన కుండల పెంకులు. ఆ పెంకుల మూతులూ, పూతలూ చూసి బావి ఏ కాలంలో వాడుకలో ఉందో నిపుణులు చెప్పగలరు. ఈ వరుస ఒకసారి చెదిరితే మళ్లీ రాదు. ఒక మెట్ల బావి శుభ్రతకు నన్ను సలహా కోసం పిలిచారు. నేను చేరేసరికే గుత్తేదారు జేసీబీ దింపి మొత్తం పూడికను ఒకే కుప్పగా బయట పోయించాడు. నీరు ఊరింది, ఫొటోలు బాగా వచ్చాయి, కానీ కొన్ని శతాబ్దాల లెక్కపుస్తకం ఒక్క రోజులో పోయింది. దాని గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. పూడికను చేతితో, పొరపొరగా, ప్రతి పొరనూ విడిగా జల్లెడ పట్టి తీయాలి. దీనికి సమయం పడుతుంది, ఖర్చూ అవుతుంది, అయినా మరో మార్గం లేదు.

సరిగ్గా జరిగిన పనులు కూడా మన ఊళ్లోనే ఉన్నాయి. గోల్కొండ కోటలోనే భాగమైన నయా ఖిల్లాలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2014 ప్రాంతంలో జరిపిన తవ్వకాల్లో కుతుబ్ షాహీ తోటకు చెందిన నీటి కాలువలు, తేట తొట్లు, ఫౌంటెన్లు, నడక దారులు బయటపడ్డాయి. ఎత్తులో నిలవ చేసిన నీటి బరువుతోనే ఫౌంటెన్లు ఎగిసేవని అక్కడి ఏర్పాటు చూస్తే తెలుస్తుంది. నీరు తాను బయలుదేరిన మట్టం దాకానే లేస్తుందన్న సూత్రానికి అంతకంటే అందమైన ఉదాహరణ ఉండదు. కుతుబ్ షాహీ సమాధుల సముదాయంలోని బడీ బావోలీ అనే మెట్ల బావి గోడ 2013 వానల్లో కూలిపోతే, ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు దాన్ని సున్నంతో, పాత పద్ధతిలో తిరిగి నిలబెట్టింది. అక్కడి మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా లభించింది. ఇప్పుడు ఆ బావులు వాన నీటిని మళ్లీ పట్టుకుంటున్నాయి.

సిమెంటు విషయంలో ఒక హెచ్చరిక. పాత హౌజు కారుతోందని లోపల సిమెంటు పూత పూస్తే మూడు నష్టాలు జరుగుతాయి. సిమెంటు గట్టిగా, పెళుసుగా ఉంటుంది కనుక ఎండకూ చలికీ రాయి కదిలినప్పుడు పగులుతుంది. దాని వెనుక చేరిన తేమ బయటికి రాలేక పాత సున్నాన్ని తినేస్తుంది. అన్నిటికీ మించి, నీటి గీతలూ పాత పూతల వరుసా కనబడకుండా పోతాయి. డంగు సున్నంలో సన్నని పగులు వచ్చినా, నీటిలో కరిగిన సున్నం తిరిగి ఆ పగులులో పేరుకుని కొంతవరకు తనంతట తానే పూడ్చుకుంటుంది. నీటి కట్టడానికి కావలసిన గుణం అదే.

కాల నిర్ణయం గురించి కూడా జాగ్రత్త అవసరం. మట్టి గొట్టం ఆకారం చాలా కాలం పెద్దగా మారలేదు కాబట్టి ఒక్క గొట్టాన్ని చూసి ఇది ఫలానా సుల్తాను వేయించినదని చెప్పడం తొందరపాటు. ఈ కొండ కాకతీయుల నాటి మట్టికోటగా మొదలై, 14వ శతాబ్దిలో ముసునూరి కాపయ నాయకుని నుంచి బహమనీల చేతికి వెళ్లి, 16వ శతాబ్దిలో సుల్తాన్ కులీ వంశం కింద రాతికోటగా పెరిగింది. ఆ తర్వాత మొగలులూ, అసఫ్ జాహీలూ వాడుకున్నారు. ప్రతి ఒక్కరూ పాత హౌజుకు కొత్త పూత వేశారు, పాత కాలువకు కొత్త మూతి తెరిచారు. గొట్టం పొదిగిన గోడ ఏ కాలానిది, దాన్ని ఏ గోడ మీద కట్టారు, ఏ పూత కింద ఏ పూత ఉంది అన్న వరుస నుంచే తేదీలు రావాలి.

మీ అమ్మాయి ప్రాజెక్టు సంగతి. గోల్కొండ కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం అక్కడ తవ్వడం, గీకడం, పూత నమూనా తీయడం అనుమతి లేకుండా చేయకూడదు. పరికరాలతో కొలతలు తీయాలన్నా కళాశాల నుంచి లేఖతో పురావస్తు సర్వేక్షణ సంస్థ హైదరాబాద్ కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకోమనండి. చట్టం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఉత్సాహంతో గోడలో గొట్టాన్ని పుల్లతో కెలికి చూసిన విద్యార్థులను నేను స్వయంగా ఆపవలసి వచ్చింది.

కోట మొత్తాన్ని తలకెత్తుకోవద్దు. కొండ ఎక్కే దారిలో ఒకే ఒక తొట్టిని ఎంచుకుని, దానిలోకి నీరు వచ్చే మార్గమేది, పోయే మార్గమేది, నిండితే పొంగి ఎటు వెళుతుంది, ఎన్ని లీటర్లు పడుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు మట్టాల కొలతతో సమాధానం రాస్తే చక్కని ప్రాజెక్టు అవుతుంది. రెండవ దశలో ఆ తొట్టికి పైన ఎంత బండ ముఖం ఉందో కొలిచి, అది వాన నీటి తొట్టియా, తోడి పోసిన తొట్టియా అన్నది లెక్క కట్టవచ్చు. పై బండ ముఖం చిన్నదై, తొట్టి చాలా పెద్దదైతే వాన ఒక్కటే దాన్ని నింపి ఉండదు.

శ్రావణంలో ఒక మోస్తరు వాన కురిసి వెలిసిన వెంటనే వెళితే బండల మీద నీరు ఇంకా జారుతూ ఉంటుంది. ఎటు నుంచి ఎటు పోతోందో అప్పుడు కళ్లతోనే చూడవచ్చు, ఏ కాగితమూ చెప్పని కాలువలు అప్పుడు బయటపడతాయి. పాచి పట్టిన మెట్లు చాలా జారుతాయి కాబట్టి ఒంటరిగా పంపకండి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోమనండి. మొదటి రోజు పరికరం ఏదీ అక్కరలేదు; కోట పటం ఒకటి, పెన్సిలు ఒకటి తీసుకెళ్లి, నీరు పారుతున్న ప్రతి చోటా ఒక బాణం గుర్తు గీసుకు వస్తే చాలు. ఆ పటాన్ని ఇక్కడ పెడితే ఎక్కడ మట్టాలు కొలవాలో నేను గుర్తులు పెట్టి ఇస్తాను.